రాజమౌళి మంచం, మహీధర్ పేరు

2006 జూలై. షార్జాలోని సజ్జా లేబర్ క్యాంపు గేటు ముందు రాజమౌళిని లారీతో తొక్కించి చంపారు.

అతను అక్కడ కూలీ వేషంలో ఉన్న సీక్రెట్ ఏజెంట్. అతని పేరు బయటపెట్టింది మహీధర్, ఒక విదేశీ ముఠాకు దుబాయ్‌లో ముదీర్, అంటే మేనేజర్.

మూడో రోజు రాజమౌళి జోడీదారు, అదే క్యాంపులో ఉంటున్న ఏజెంట్ హన్మంతుకు చీఫ్ మల్లికార్జునరావు ఫోన్ చేశాడు.

"ఇంకో పద్దెనిమిది మంది మనవాళ్ల పేర్లు మహీధర్ సర్వర్‌లో ఉన్నాయి. రేపు మధ్యాహ్నం ఒంటిగంటకు వాడి ప్రోగ్రాం ఆ లిస్టును ఇంటర్నెట్‌లో పెట్టేస్తుంది. ఆపాలి."

"ఆపుడే గాదు సార్. రాజమౌళికి ఎట్ల జేసిండో, వానికి గట్లనే జేస్త."

మర్నాడు హన్మంతు ఏసీ మెకానిక్ వేషంలో దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని మహీధర్ ఆఫీసుకు వెళ్లాడు. చేతిలోని రిమోట్ లోపల పెన్‌డ్రైవ్ ఉంది.

రిసెప్షన్‌లో సంజన. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. మహీధర్‌కు సెక్రటరీ, మనకు డబుల్ ఏజెంట్.

"ఏసీ సల్లగుందా మేడం?"

"మంచు కురుస్తోందండీ."

కోడ్ కలిసింది. బయట నలభై ఆరు డిగ్రీలు.

సర్వర్ రూం. పన్నెండు యాభై ఏడు. హన్మంతు పెన్‌డ్రైవ్ గుచ్చి సర్వర్ తెరిచాడు.

"ప్రోగ్రాం 'లిస్ట్' అనే పేరున్న ఫైలును పంపేస్తుంది. లోపల ఏముందో చూడదు" అంది సంజన.

"క్యాంపుల లెక్కనే. తలుపు మీద పేరు ఒకనిది, మంచంల పండేటోడు ఇంకొకడు."

పైథాన్ కోడ్‌లో ఒకే ఒక్క లైను. 'లిస్ట్' పేరుతో సింబాలిక్ లింకు. దాన్ని తెరిస్తే ముఠా సభ్యుల సొంత ఫైలు తెరుచుకోవాలి. ఎంటర్ కొట్టాడు.

ఎర్రర్. ఆ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది!

హన్మంతు పళ్లు నూరాడు. క్యాంపులోనూ అంతే. పాత పేరు పీకనిదే కొత్తది అంటించనివ్వరు. మొన్న తలుపు మీంచి రాజమౌళి పేరు చీటీ పీకింది తనే.

పాత ఫైలు డిలీట్ చేశాడు. లైను మళ్లీ టైప్ చేశాడు. ఇంకా పది సెకన్లు.

తలుపు తెరుచుకుంది. మహీధర్, చేతిలో పిస్టల్.

"చెయ్యి తియ్యరా!"

చెయ్యి తీసేముందు వేలు ఎంటర్ మీద పడింది.

ఒంటిగంట. 'లిస్ట్ పంపడమైనది' అంది స్క్రీన్.

మహీధర్ పగలబడి నవ్వాడు. "ఖలాస్! నీ పద్దెనిమిది మందీ పోయార్రా."

"ఒకసారి తెరిచి చూడండి సార్" అంది సంజన.

తెరిచాడు. మొదటి పేరు మహీధర్. ఫొటో, అడ్రసు, పాస్‌పోర్టు నంబరు. కింద ముఠా మొత్తం.

అతని ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది. ముఠా పెద్దలు. మహీధర్ చేతిలోంచి పిస్టల్ జారింది. సంజన దాన్ని కాలితో పక్కకు తోసింది.

"వాళ్లు నన్ను చంపేస్తారు! పోలీసుల్ని పిలవండి!"

"రాజమౌళి గూడ గట్లనే అరిచిండు సారూ."

హన్మంతు నింపాదిగా రిమోట్ తీశాడు.

"పిలుస్తం. గంతదాంక ఏసీ పెంచాల్నా? చెమటలు గారుతున్నయ్."