రెండుసార్లు తడితే

"నీ పేరు కొట్టేసిండ్రు తమ్మీ. ఇగ నువ్వు లోపలికి పోరాదు."

క్లర్క్ ప్రభాకర్ మాటకు శివకుమార్ చేతిలోని హెల్మెట్ జారి కింద పడింది. టైం తొమ్మిదీ ఇరవై. పదింటికి నిషిత డిగ్రీలో ఆఖరి పరీక్ష, ఆరో సెమిస్టర్‌లో రాయాల్సింది ఈ ఒక్క పేపరే.

నిషితకు చూపు లేదు. ఆమె చెబుతుంటే జవాబులు రాసే స్క్రైబ్ ఐదు సెమిస్టర్లుగా అతనే. బల్ల మీద ఒకసారి తడితే రాసేశాడని, రెండుసార్లు తడితే మళ్లీ చెప్పమని వాళ్లిద్దరి గుర్తు.

"ఎవరు కొట్టేసిండ్రు సార్?"

"అర్జీ వచ్చింది. పేరు చెప్పొద్దన్నరు. కొత్త స్క్రైబ్ మహిత అని ఇంటర్ పిల్ల. ఆ పిల్లనే ఇంకా రాలే!"

స్క్రైబ్ రాకపోతే పరీక్ష లేదు. ఈ పేపర్ పోతే డిగ్రీ ఆగుతుంది, టీచర్ కావాలన్న నిషిత ఆశా ఆగుతుంది.

వరండా బెంచీ మీద ఆమె ఫోన్‌లో మాట్లాడుతోంది. "పోతిరెడ్డిపల్లి చౌరస్తల ఉన్నవా? బస్సు కదుల్తలేదా?"

"నేనుండంగ ఆ పిల్లెందుకు?" అన్నాడు శివకుమార్. "జిన్నారం కంపెనీల సెలవు పెట్టొచ్చిన."

నిషిత ముఖం తిప్పుకుంది. "కొట్లాట తర్వాత. జల్దీ పోయి మహితను పట్కరా."

"నన్ను తీసేసిండ్రు, మళ్ల నన్నే డ్రైవర్ని చేస్తవా?"

"పోతవా, నన్నే నడుచుకుంట పొమ్మంటవా?"

పోయాడు. ట్యాంకర్ల మధ్య బండి దూర్చి, ఆగిన బస్సులోంచి మహితను దింపి, పదికి నాలుగు నిమిషాల ముందు గేటు దాటించాడు. నిషిత ఆ పిల్ల మోచేయి పట్టుకుని లోపలికి వెళ్లింది.

పేపర్ మూడు గంటలు. నిషితకు గంటకు ఇరవై నిమిషాలు అదనం. ఆ నాలుగు గంటలూ శివకుమార్ బెంచీ మీద కూర్చునే దోషిని వెతికాడు. ప్రభాకరా? పోయినసారి సంతకం కోసం ఆయన్ని ఛాయ్ కూడా తాగనివ్వలేదు. నిషిత అన్న నవీన్‌కుమారా? ఈ మధ్య శివకుమార్ బండి ఇంటి ముందు ఆగితే అదోలా చూస్తున్నాడు. లేక తన చేతిరాతేనా?

రెండింటికి నిషిత వెలిగిపోతూ బయటికొచ్చింది.

"మంచిగ రాసినవా?"

"మస్తు. మహిత స్పీడ్ నీకు లేదు."

"నవ్వకు. అర్జీ ఇచ్చినోళ్ల పేరు చెప్పు. మీ అన్ననా?"

"మా అన్నకు అర్జీ రాసుడొస్తదా?" బ్యాగులోంచి ఓ ఫారం తీసి ఇచ్చింది. "ప్రతిసారి ఇద్దరం సంతకం పెడ్తం గద. మూడో లైన్ సదువు."

చదివాడు. 'అభ్యర్థికి, స్క్రైబ్‌కు బంధుత్వం గానీ, దగ్గరి సంబంధం గానీ లేదని ధ్రువీకరిస్తున్నాము.'

"ఐదుసార్లు పెట్టినం. ఇప్పుడేమైంది?"

"ఐదుసార్లు నిజమే రాసినం. ఆరోసారి పెడితే అబద్ధమైతుండె."

"ముందే చెప్పొచ్చు గద."

"చెప్పినంక పరీక్ష రాసేటట్టు ఉంటుంటినా?"

"అంటే... అర్జీ ఇచ్చింది..."

"నేనే," అంది చిన్నగా.

శివకుమార్ బెంచీ మీద వేలితో రెండుసార్లు తట్టాడు.

నిషిత నవ్వింది. ఈసారి కిటికీలో ప్రభాకర్ తలెత్తి చూసేంత గట్టిగా చెప్పింది.

"నేనే శివా! నీ పేరు కొట్టేయించింది ఈ నిషితనే!"