అవ్వ గుండె మంచిగనే ఉంది

పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే బ్లెస్సీ బ్యాగు సర్దేసి జిప్పు వేసింది. బోథ్‌లో బాలికల హాస్టల్ వార్డెన్‌గా రేపటిలోగా చేరాలి. నస్పూర్ నుంచి మంచిర్యాల వెళ్లి, అక్కడ నిర్మల్ బస్సు పట్టుకోవాలి. ముప్పై నాలుగేళ్లకు తనదంటూ ఒక గది, ఒక జీతం దొరుకుతున్నాయన్న సంబరం ఆమె ముఖంలో దాగడం లేదు.

"అవ్వా, మందులు కిటికీల పెట్టిన. రాత్రికి పక్కింటి యాదవ్వ తోడుగ పంటది. రేపు బెన్నీ వస్తడు. ఫికర్ చెయ్యకు."

మంచం మీద కూర్చున్న తల్లి లచ్చవ్వ తలూపింది. బ్లెస్సీ చెప్పులు తొడుక్కుంటుంటే వెనక నుంచి మూలుగు వినిపించింది.

"బిడ్డా... గుండెల పట్టేసినట్టు అయితుంది..."

బ్లెస్సీ బ్యాగు అక్కడే వదిలేసి పరుగెత్తింది.

ఇలా జరగడం కొత్త కాదు. అప్పుడెప్పుడో నర్సింగ్ కోర్సుకు హైదరాబాద్ బయలుదేరిన రోజు తల్లి ఇలాగే కూలబడితే ఆ సీటు వదులుకుంది. రెండేళ్ల కిందట కరీంనగర్ సంబంధం కుదిరి, పెళ్లి తేదీ మాట్లాడటానికి పాస్టరుగారు ఇంటికి వచ్చిన పూటే మళ్లీ నొప్పి. ఆ అబ్బాయి చాలాకాలం ఎదురుచూసి మొన్న వేసవిలో వేరే పెళ్లి చేసుకున్నాడు. బ్లెస్సీ ఎవరినీ ఒక్క మాట అనలేదు. తండ్రి పేతురు బొగ్గు గనిలో చనిపోయాడు. తమ్ముడు బెన్నీకి కరీంనగర్‌లో భార్యాపిల్లలతో తన సంసారం తనకుంది. అవ్వకు తాను తప్ప ఎవరున్నారని సరిపెట్టుకుంది.

మంచిర్యాల ఆస్పత్రిలో డాక్టరు పరీక్షలు చేసి బ్లెస్సీని పక్కకు పిలిచాడు.

"గుండె మంచిగనే ఉందమ్మా. పోయినేడాదే మీ తమ్మునికి చెప్పిన కదా."

"ఏం చెప్పిండ్రు సార్?"

"గుండెజబ్బు లేదని. ఇది భయంతోటి వచ్చే నొప్పి, కౌన్సిలింగ్‌కు తీస్కరమ్మన్న. మళ్లా రానేలేదు."

"అంటే మా అవ్వ నాటకం చేస్తుందా సార్?"

"కాదు. నొప్పి నిజమే. మీరు దూరమైతరనంగనే వస్తది. రాంగనే మీరు ఆగిపోతరు. అట్ల జరిగినకొద్దీ మనసుకు అదే అలవాటైతది. ఆమె కావాలని చేసేది కాదు."

బ్లెస్సీ గోడకు ఆనుకుని నిలబడింది. పోయినేడాదికి ఆ అబ్బాయి ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

ఫోన్ చేస్తే మధ్యాహ్నానికల్లా బెన్నీ వచ్చాడు. అప్పటికి తల్లీకూతుళ్లు ఇల్లు చేరారు.

"అవ్వ గుండె మంచిగున్నదని నాకెందుకు చెప్పలే?"

బెన్నీ హెల్మెట్ పక్కన పెట్టి, చెంబెడు నీళ్లు తాగాడు. "డాక్టర్లు అట్లనే అంటరు అక్కా. ఒకలొకటి, ఇంకొకలు ఇంకొకటి."

"మరి ఇంకొకలకు చూపెట్టినవా?"

"నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే. నీ మంచికే."

"నా మంచికా? ఆ పిలగాడు నాకోసం ఆగిండు రా! నువ్వు ఒక్క మాట చెప్తే నా ఇల్లు నాకుంటుండె."

బెన్నీ గొంతు లేచింది. "అన్నీ నా మీదికి తేకు! కొత్త జాగంటే నీకే భయం. అవ్వ నొప్పిని అడ్డం పెట్టుకొని ఈడనే కూసున్నవ్!"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఒక్క క్షణం నిజమేనేమోనని కూడా అనిపించింది. కానీ తమ్ముడి కళ్లు తన వైపు చూడటం లేదు.

"అడ్డం పెట్టుకున్నది నువ్వు. నేనీడుంటే అవ్వను నీ ఇంటికి తీస్కపోవుడు తప్పుతది. గంతే కదా?"

"రెండర్రల ఇల్లు అక్కా... నీ మరదలు ఒప్పుకోదనుకున్న."

"అడిగినవా?"

బెన్నీ తల అడ్డంగా ఊపాడు. బ్లెస్సీ తల్లి వైపు తిరిగింది.

"అవ్వా, నీకు ఎర్కనా?"

లచ్చవ్వ కొంగును వేళ్లకు చుట్టుకుంది. "వీడు చెప్పిండు. డాక్టరు ఇంకెవల సంగతో చెప్పిండనుకున్న. నా నొప్పి నాకు తెల్వదా అనుకున్న. మీ బాపు సంచి పట్టుకొని డ్యూటీకి పోయిండు. మళ్లా రాలే. నువ్వు సంచి పట్టంగనే నాకు చెమటలు వడ్తయ్ బిడ్డా. కావాలని చెయ్యలే."

"నమ్ముతున్న అవ్వా. కానీ ఇద్దరికి తెలిసి నాకొక్కదానికే తెల్వకపాయె." బ్లెస్సీ తల్లి మోకాళ్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడుస్తుంటేనే ఆమెకు ఒక సంగతి తట్టింది. మామూలు రోజుల్లో తల్లి "జర కూసో బిడ్డా" అంటే పనుందని లేచిపోయేది. నొప్పి అన్నప్పుడే పక్కన కూర్చుని కాళ్లు ఒత్తేది, జావ తాగించేది. అవ్వకు బిడ్డ దొరికింది ఆ నొప్పిలోనే.

మర్నాడు పొద్దున ఆమె బ్యాగు అందుకోగానే లచ్చవ్వ చెయ్యి గుండె మీదికి పోయింది. బ్లెస్సీ పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది. బ్యాగు మాత్రం దింపలేదు.

"నొప్పి వస్తే బెన్నీకి చెప్పు. నేను యాదికొస్తే నాకు ఫోన్ చెయ్. నొప్పి లేకున్నా వస్త నేను."

"అవ్వను నా ఇంటికి తీస్కపోత అక్కా. కౌన్సిలింగ్‌కు కూడ" అన్నాడు బెన్నీ. బ్లెస్సీ అతనికి జవాబు చెప్పకుండానే బయటికి నడిచింది.

ఆ తర్వాతి వారం ఒక సాయంత్రం, హాస్టల్ పిల్లలు అన్నానికి కూర్చున్న వేళ ఫోన్ మోగింది. తల్లి పేరు చూడగానే బ్లెస్సీ గుండె దడదడలాడింది. ఇన్నేళ్లలో ఆమెకూ ఈ భయం అలవాటైపోయింది.

"ఏమైంది అవ్వా? నొప్పా?"

"నొప్పేం లేదు బిడ్డా. ఊకెనే చేసిన. మాట్లాడబుద్ధయింది."

బ్లెస్సీ వరండా మెట్ల మీద కూలబడింది. కన్నీళ్లు వాటంతట అవే కారిపోతున్నాయి.

"ఆదివారం వస్త అవ్వా."

లచ్చవ్వ నెమ్మదిగా అడిగింది.

"నాకు మంచిగున్నా వస్తవా బిడ్డా?"

"నువ్వు మంచిగున్నవనే వస్తున్న అవ్వా."