పది గంటల సూది

"మన ఏజెంట్ సన్యాసిని చంపేశారు," అన్నాడు చీఫ్ వైకుంఠరావు.

తెల్లవారి ఆరు గంటలు. టెక్కలిలోని రహస్య ఆఫీసు. చీఫ్ టేబుల్ మీద పెట్టిన ఫొటోలో బారువ బీచి, ఎండు చేపల మధ్య శవం. ఏజెంట్ ఫిన్నీ మొహం తిప్పుకున్నాడు.

"చచ్చేముందు కబురు పంపాడు. ఈరోజు పదింటికి కవిటి దగ్గర కొబ్బరితోటలో ఉచిత శిబిరం. అరవైమంది పిల్లలకు సూది. కిడ్నీ జబ్బు రాదని చెప్పి పిలుస్తున్నారు. నిజానికి అది విదేశీ ముఠా తెచ్చిన విషం. వాళ్ల దేశంలో ఎలుకలకు కూడా వద్దన్నారు."

"మన పిల్లల మీద ప్రయోగమా?" ఫిన్నీ కుర్చీలోంచి లేచాడు.

"అనుమానం వస్తే మందుతో సహా మాయమవుతారు. ఒక్కడివే వెళ్లు. జీడిపప్పు లోడు డ్రైవర్ వేషం. పలాసలో మన ఏజెంట్ నీలవేణి డీజిల్ పికప్‌తో ఉంటుంది."

పలాసలో పికప్‌కి ఆనుకుని నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, ఘుమఘుమలాడే సెంటు. కుడిచేతికి రుమాలు.

"జీడిపిక్కలు ఏ ఊరివి?" అన్నాడు ఫిన్నీ.

"ఉప్పుగాలి తగిలినవి." కోడ్ సరిపోయింది. "ఎక్కు బావా. చెయ్యి తలుపులో నలిగింది, నువ్వే నడుపు. నేను ఇక్కడే పుట్టాను, జీడిపిక్కలు కొట్టే పెరిగాను. దారి నేను చెబుతా."

హరిపురం దాటాక బండి దగ్గింది. డాష్‌బోర్డు మీద ఫ్యూయల్ ప్రెజర్ గేజు ముల్లు సున్నాకి పడింది. ఇంజన్ ఆగింది. టైము 9:05.

"గేజు పాడైనట్టుంది. బస్సు కోసం చూద్దాం," అంది నీలవేణి.

ఎదురుగానే మెకానిక్ తవిటయ్య షెడ్డు. అతను బానెట్ ఎత్తాడు.

"అబద్ధమాడతన్నాది గేజో, బండో ముందు సూడాల."

తన గేజు తెచ్చి ఇంజన్‌కి వెళ్లే పైపుకి బిగించాడు. స్టార్టర్ తిప్పితే దాని ముల్లూ లేవలేదు. "నీ గేజు మంచిదే బావూ." తర్వాత దాన్ని ఫిల్టరుకి ముందు బిగించాడు. ముల్లు లేచింది. "పంపు బాగున్నాది. అడ్డం ఫిల్టర్లోనే."

ఫిల్టరు విప్పాడు. లోపల నల్లటి జిగురు, ముక్కు పగిలే కంపు. ఫిన్నీ వేలు చాపాడు.

"ముట్టీకు! జీడిపిక్కల తొక్క నూనె. తోలు ఊడొత్తాది. ఎవులో టాంకీలో పోసీసినారు. పిక్కలు కొట్టే ఆడోలు సేతులకి బూడిద రాసుకోకుండా దీన్ని ముట్టరు."

ఫిన్నీ చప్పున నీలవేణి రుమాలు లాగేశాడు. అరచేయి నల్లగా కాలి, బొబ్బలెక్కి ఉంది.

"పిక్కలు కొట్టే పెరిగావా? బూడిద మాట ఎవరూ చెప్పలేదా?"

ఆమె ఎడమచేయి పర్సులోకి పోయింది. పిస్టల్ బయటపడేలోపే తవిటయ్య స్పానర్ మణికట్టు మీద పడింది.

"ముఠాకి అమ్ముడుపోయావా? ఆ పిల్లలేం చేశారు నీకు?"

"ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎలాగూ పోయేవాళ్లేగా," అంది ఆమె.

ఫిన్నీ రోడ్డు మీద ఉమ్మేశాడు. అయినా నోట్లో రోత పోలేదు.

నీలవేణిని షెడ్డు స్తంభానికి కట్టారు. తవిటయ్య పాత ట్యాంకు పైపు ఊడదీసి, శుభ్రమైన డీజిల్ క్యాన్‌లోకి వదిలాడు. క్యాన్ నీలవేణి సీట్లోకి చేరింది. కొత్త ఫిల్టరు బిగించి, చేతిపంపు కొట్టి, పైపులోని గాలి తీశాడు. బుడగలు ఆగాయి. ముల్లు లేచింది.

"ఇంక పోనీ బావూ!"

9:59. కొబ్బరితోట. తెల్లకోటు వేసుకున్న విదేశీయుడు మొదటి పిల్ల జబ్బ మీద దూది రుద్ది సిరంజి ఎత్తాడు. ఫిన్నీ దూకి ఆ చెయ్యి వెనక్కి విరిచాడు. సిరంజి ఇసకలో పడింది.

"ఇది మందు కాదు! మీ పిల్లల మీద ప్రయోగం!"

చెట్ల మీద కాయలు కోస్తున్న తండ్రులు కత్తులతో సహా దిగారు. ముఠాలో ఒక్కడూ కదల్లేదు.

వరుసలో మొదట పిల్లతో నిలబడ్డ ఉమామహేశ్వరి ఫిన్నీని ఎగాదిగా చూసింది. "సూది నేదన్నావు, సరే. మరి సూదేసాక ఇత్తామన్న బిస్కట్ పేకట్టో? పొద్దుట్నుంచి దానికోసమే నిలబడ్డాది నా పిల్ల."

"అవీ వాళ్లవేనమ్మా. తినకూడదు."

పిల్ల ఆకాశం అదిరేలా ఏడుపు అందుకుంది. పిస్టల్‌కి బెదరని ఏజెంట్ ఫిన్నీ రెండడుగులు వెనక్కి వేసి, దగ్గరలో బిస్కట్లమ్మే బడ్డీకొట్టు ఎక్కడుందో అడిగాడు.