మెట్ల కింద మూడు దెబ్బలు

మా వీధి చివరి ఇంట్లో మెట్ల కింద ఒక అర ఉంది. చీపుర్లూ, పాత చెప్పులూ పడేసుకునే అరే. ఏ ఇంట్లోనైనా ఉండేదే. కానీ కొన్నాళ్ళపాటు, చీకటి పడ్డాక దాని పక్కన ఎవరూ నిలబడేవారు కాదు.

పనిమనిషి మానేసింది. "లోపల ఎవరో ఉన్నారమ్మా. తలుపు కొడుతున్నారు... బయటినుంచి కాదు, లోపలినుంచి" అని చెప్పి చేతిలో చీపురు అక్కడే పడేసి పోయింది. పైపులు బాగుచేసేవాడు వచ్చి, "పైపుల్లో గాలి పట్టి ఉంటుంది, అంతే" అని ధైర్యంగా లోపలికి తల పెట్టాడు. పెట్టినంత ధైర్యంగా తియ్యలేదు. రెంచీ కోసం మళ్ళీ రాలేదు కూడా.

టక్... టక్... టక్.

మూడే. తరవాత నిశ్శబ్దం. పోయిందిలే అనుకునేంతలో మళ్ళీ మూడు.

నేను ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినదాన్ని. దెయ్యాలున్నాయని ఏ పిల్లకీ చెప్పలేదు. లేవనీ చెప్పలేదు. సిలబస్‌లో లేదు మరి. కాబట్టి నేను విన్నది విన్నట్టు చెబుతాను, మిగతాది మీరే తేల్చుకోండి.

నాకు ఇది చెప్పింది నా దగ్గర చదువుకున్న కుర్రాడు. కుర్రాడంటే ఇప్పుడు వాడికీ జుట్టు నెరుస్తోందిలెండి. క్లాసులో వాడి పేరు 'ఎందుకు'. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు అంటే చెయ్యెత్తి "ఎందుకండీ?" అనేవాడు. బెల్లు కొట్టారు, ఇంటికి పోరా అన్నా "ఎందుకండీ?" అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. వాణ్ణి ఆ ఇంటికి పంపింది నేనే.

ఆ ఇంటి ఇల్లాలు మందుల షాపులో పనిచేస్తుంది. భర్త వంతెనలు తనిఖీ చేసే ఉద్యోగి. అతనికో అలవాటుండేది. ఎక్కడికి వెళ్ళినా గోడనో స్తంభాన్నో వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. "గట్టిగా ఉందో గుల్లగా ఉందో అదే చెబుతుంది" అనేవాడు. కిందటి వానల్లో ఒక వంతెన కిందికి దిగాడు. ఏరు ఒక్కసారిగా పొంగింది. మనిషిని పైకి తీశారు, ప్రాణాన్ని తీసుకురాలేకపోయారు.

మెట్ల కింద అరలో అతను పెట్టుకున్నదొక నల్లటి పెట్టె. సర్వర్ అంటారు. ఫొటోలూ వీడియోలూ అన్నీ అందులోనే. "ఇంటి సంగతులు ఊరివాళ్ళ అటక మీద పెట్టడం దేనికి?" అనేవాడట, ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చుగా అంటే. వాటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. క్యాంపులకు వెళ్ళే రాత్రుల కోసం కూతురికి కథలు చెప్పి, తన గొంతుతో రికార్డు చేసి పెట్టాడు. కూతుర్ని పిచ్చుకా అని పిలిచేవాడు. పిల్ల మంచం పక్కన చిన్న స్పీకరు. మీట నొక్కితే నాన్న కథ.

అతను పోయాక కూడా పిల్ల రోజూ మీట నొక్కేది. కథ వినేది. నిద్రపోయేది.

ఒకరోజు కరెంటు పొద్దున పోయి రాత్రికి వచ్చింది. పెట్టెకున్న బ్యాటరీ కూడా అయిపోయి, అది ఆగిపోయింది. మళ్ళీ వెలిగింది కానీ... కథ రాలేదు.

"నాన్నకి నామీద కోపం వచ్చిందా?" అంది పిచ్చుక.

చప్పుడు మొదలైంది ఆ రాత్రే.

నెల తిరిగేసరికి పిల్ల ఇంకో ప్రశ్న అడిగింది. "అమ్మా, నాన్న గొంతు లావుగా ఉండేదా, సన్నగానా?" ఆ మాటకే తల్లి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. పిల్ల మరిచిపోతోంది. పెట్టె తెరుచుకోకపోతే పూర్తిగా మరిచిపోతుంది. తల్లి ఫోన్లో మిగిలినవి నవ్వే ఫొటోలే... ఫొటోలు మాట్లాడవు కదా.

మన 'ఎందుకు' ఆ ఇంటికి వెళ్ళేసరికి రాత్రయింది. అర తలుపు తీశాడు. లోపల ఎవరో నెమ్మదిగా ఊపిరి తీస్తున్నట్టు ఫ్యాను. చీకట్లో ఒక్క ఆకుపచ్చ కన్ను. వంగి పెట్టెకి కంప్యూటర్ తెర తగిలించాడు.

తెర మీద ఒకటే వాక్యం. తెలుగులో చెప్పాలంటే — 'తాళంచెవి కోసం ఎదురుచూస్తున్నాను.'

టక్... టక్... టక్.

వాడు ఉలిక్కిపడి, వెంటనే నవ్వాడు. "ఇదా అక్కా! పెట్టె నిద్రలేచి, డిస్కుల్ని తిప్పి, తాళంచెవి కోసం మూడుసార్లు వెతుకుతోంది. దొరక్క మళ్ళీ పడుకుంటోంది. చప్పుడు దానిది. దెయ్యం కాదు, డిస్కు."

ఇల్లాలు నవ్వలేదు. "దెయ్యమైనా బావుండేది తమ్ముడూ. కాళ్ళు పట్టుకుని అడిగేదాన్ని."

ఇక్కడ చిన్న పాఠం. బోర్డు ఉందనుకోండి. మామూలు తాళానికి లోపల గింజలు గింజల్లాగే ఉంటాయి. తలుపు విరిస్తే చేతికొస్తాయి. ఈ తాళం అలాంటిది కాదు. గింజల్ని పిండి కొట్టి దాస్తుంది. ఆ పిండిని తిరిగి గింజలు చెయ్యగలిగింది ఒక్క తాళంచెవే. తలుపు విరిచినా మిగిలేది పిండే.

పెళ్ళిరోజు వేసి చూశారు. కాదు. పిల్ల ముద్దుపేరు. కాదు. అతను తనిఖీ చేసిన మొదటి వంతెన పేరు... పెట్టె తాపీగా ఆలోచించి, కాదంది. ఆమె ఒక్కో మాటా గుండెల్లోంచి తవ్వి తీస్తోంది. అది ఒక్కోటీ చల్లగా తోసేస్తోంది.

"పగలగొట్టలేవా తమ్ముడూ?"

"డిస్కులు నిక్షేపంలా ఉన్నాయక్కా. అదే బాధ. పాడైతే బాగుచేసేవాణ్ణి."

వాడు ఊరుకునే రకం కాదు కదా, ఎందుకని తవ్వాడు. తాళం వెయ్యని చిన్న మూలలో అతను పెట్టెకి రాసిపెట్టిన ఆజ్ఞలు కనిపించాయి. చదివాడు. మళ్ళీ చదివాడు. గొంతు తగ్గించాడు.

"తాళంచెవి పెట్టెలో లేదక్కా. అన్నగారి ఫోన్లో ఉంది. దొంగ పెట్టెను ఎత్తుకుపోయినా వాడింట్లో తెరుచుకోకూడదని ఇలా చేశారు. ఆ ఫోను ఈ ఇంటి వైఫైలోకి వస్తేనే ఇది తెరుచుకుంటుంది. అంటే..."

"ఆయన ఇంటికొస్తేనే" అంది ఆమె.

వాడు తలూపాడు. "ఫోను?"

"జేబులోనే ఉంటుందెప్పుడూ. ఏట్లో పోయింది."

"మరి ఇన్నాళ్ళూ కథలెలా వచ్చాయి?" అని మళ్ళీ తనే అడిగింది.

"ఒకసారి తెరుచుకుంటే, ఆగిపోయేదాకా తెరిచే ఉంటుందక్కా. అది అన్నగారు ఇంట్లో ఉన్నప్పుడు తెరిచిన తలుపు. కరెంటు పోయేదాకా ఎవరూ మూయలేదు."

ఆమె మెట్టు మీద కూలబడింది. వాడు స్క్రూడ్రైవర్లు ఒక్కోటీ సంచిలో వేసుకున్నాడు. వెయ్యడానికీ చేతులు రావడం లేదట. పై మెట్టు మీద పిచ్చుక నిలబడి ఉంది. రోజూలాగే మీట నొక్కి, చాలాసేపు చూసి, లేచి వచ్చింది.

"మామయ్యా, నాన్నకి కోపం తగ్గిందా?"



బయట కుక్క ఒకటి మొరిగింది. మొరుగుతూ మొరుగుతూ, సగంలో ఆపేసింది.

అరలోంచి — టక్.

టక్.

మూడోది రాలేదు.

మూడోది వీధి తలుపు మీద పడింది.

టక్.

ఎవరూ కదల్లేదు. తెర మీద వాక్యం మాయమైంది. దాని చోట అక్షరాలు గబగబా పరుగెత్తాయి. తాళంచెవి అందింది... మొదటి డిస్కు తెరుచుకుంది... రెండోది తెరుచుకుంది...

పైన చీకటి గదిలోంచి ఒక మగ గొంతు, నిద్రమత్తుగా, నవ్వుతూ —

"అప్పుడా ఏనుగు ఏమందంటే, పిచ్చుకా..."

"నాన్నొచ్చాడు!" పిల్ల మెట్లు దూకి తలుపు దగ్గరికి పరుగెత్తింది. తల్లి లేవబోయింది.  గడియ తీసింది 'ఎందుకే'. 

గుమ్మంలో ఒక ముసలావిడ. గుండెలకు హత్తుకున్న గుడ్డ సంచి.

"అత్తయ్యా..." అంది ఇల్లాలు.

ఆస్పత్రిలో "నువ్వు ఆపితే ఆగేవాడు కాదా" అని కోడల్ని ఒక్క మాటంది ఆవిడ. ఆ రోజునుంచి రెండిళ్ళకీ మాటల్లేవు. ఉండేది రెండు వీధుల అవతలే.

ఆవిడ సంచిలోంచి ఫోను తీసింది. వెచ్చగా ఉంది. వెలుగుతోంది.

"దిగేముందు జీపు డ్రైవరుకిచ్చి దిగాడటమ్మాయ్. అతను తెచ్చి నా చేతిలో పెట్టాడు. చెబితే నీకివ్వాల్సొస్తుందని చెప్పలేదు. తెరవడం నాకు రాదు. రోజూ ఛార్జింగ్ పెట్టి, వెలుగుతోందా అని చూసుకుని పడుకునేదాన్ని. ఒక్క పూట కూడా ఆరిపోనివ్వలేదు..."

పైనుంచి ఏనుగు ఇంకా మాట్లాడుతోంది. ఆవిడ తలెత్తి వింది. చేతిలో ఫోను కోడలికి ఇవ్వనూ లేదు, దాచుకోనూ లేదు. అలా పట్టుకుని నిలబడిపోయింది. కోడలు పాకినట్టు వచ్చి ఆవిడ పాదాల దగ్గర కూర్చుంది. ఒకే మనిషి కోసం రెండు వీధుల్లో రెండు దీపాలు ఆరకుండా కాపాడుకున్నారు ఇద్దరూ. ఒకరి దగ్గర తాళం, ఒకరి దగ్గర తాళంచెవి.

'ఎందుకు' మాత్రం గబగబా వేరే డిస్కు తగిలించి, కథలన్నీ అందులోకి ఎక్కించాడు, మళ్ళీ కరెంటు పోయినా పోకుండా. అప్పటికి వాడికి ధైర్యం వచ్చేసింది. గేటు దాటగానే ఫోను వైఫై పట్టుకుంది, పెట్టె తెరుచుకుంది. అన్నిటికీ లెక్క కుదిరింది. ఒక్కటే మిగిలింది. అలవాటు ప్రకారం అడిగేశాడు.

"ఇన్నాళ్ళూ దాచుకుని, ఈ రాత్రి ఎందుకు తెచ్చారు పెద్దమ్మా?"

ఆవిడ మెట్ల కింద అర వైపు చూసింది.

"నిద్ర లేదు నాయనా. బీరువాలో చీరల మధ్య పెట్టేదాన్ని. కిందటి నెల రోజంతా కరెంటు పోయింది చూడు, అప్పట్నుంచీ రాత్రయితే బీరువా తలుపు కొడుతోంది. లోపలినుంచి. మూడుసార్లు. ఫోను మోగుతోందేమోనని తీసి చూస్తే చడీచప్పుడూ ఉండదు. లోపల పెడితే మళ్ళీ... మావాడు గోడలు కొట్టేవాడే, అచ్చం అలాగే. ఇంటికి పంపెయ్యమ్మా అంటున్నట్టు."

మా వరండాలో కూర్చుని వాడు ఇంతవరకూ చెప్పి ఆగాడు. టీ చల్లారిపోయింది. రెండిళ్ళ మధ్య తీగ లేదు. ఆ వైఫై ఆ గేటు దాటి నాలుగడుగులు కూడా పోదు. ఇవన్నీ నాకు వాడే చెప్పాడు. పాత అలవాటు కొద్దీ నేను ఆ ప్రశ్న కోసం ఎదురుచూశాను.

వాడు అడగలేదు.

"ఏరా, మరి అదెందుకంటావ్?" అని చివరికి నేనే అన్నాను.

వాడు నావైపు చూడలేదు. నా వెనక, మా ఇంటి మెట్ల వైపు చూస్తున్నాడు.

"టీచరమ్మా... లైటు వేస్తారా?" అన్నాడు.