కిష్టయ్య సీటుకు పంపిన తపాలు

మా ఆఫీసుకు వచ్చే తపాలంతా ముందు రికార్డుల విభాగానికే చేరుతుంది. పోస్టులో వచ్చినా, ఎవరైనా చేత్తో తెచ్చిచ్చినా, కవరు చింపి, ముద్ర కొట్టి, స్కాన్ చేసి, ఏ సెక్షను కాగితాన్ని ఆ సెక్షను కంప్యూటరుకు పంపడం నా పని. నల్లగొండలో ఇలాంటి ఆఫీసులు చాలానే ఉన్నాయి, పేరెందుకు లెండి. నాది అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఇవాళ ఉంటుంది, రేపు ఉంటుందో లేదో ఏజెన్సీ దయ.

పని కష్టమేమీ కాదు, రోత. పులిసిపోయిన మైదా జిగురు వాసన, కవర్ల మడతల్లో బొద్దింక గుడ్లు, ఒకసారైతే ఒక దరఖాస్తు మధ్య చితికి ఎండిపోయిన బల్లిపిల్ల. అన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒక్కటే, కిష్టయ్య సారు బొటనవేలు.

నేను చేరేనాటికే ఆయన తపాలు నమోదు చేసే ఇన్‌వార్డు సీట్లో ముసలివాడైపోయాడు. దవడలో ఎప్పుడూ జర్దా, లవంగం. కాగితం తిప్పాలంటే బొటనవేలు నోట్లో పెట్టాల్సిందే. ఊరికే తడి చేసుకోవడం కూడా కాదు, చప్‌మని చప్పరించి తీసేవాడు. నీళ్ల స్పాంజి డబ్బా కొనుక్కొచ్చి ఆయన ముందు పెట్టాను, ముట్టుకుంటే ఒట్టు. ఆయన చేతి మీదుగా వచ్చిన ప్రతి కాగితానికీ కుడి మూల తడిసి, గోధుమరంగు మరక. స్కానరు అద్దం మీద జిగట. రోజూ దాన్ని గుడ్డతో తుడుస్తూ డోకు ఆపుకునేదాన్ని.

మనిషి మాత్రం మంచివాడని అందరూ అనేవారు. అన్ని సెక్షన్లూ మాది కాదన్న కాగితాన్ని ఆయన సీటుకు తోసేసేవారు. ఆయన తిప్పి పంపేవాడు కాదు. ఒక్కోసారి అర్జీ పెట్టినవాళ్ల ఇంటికే పోయి, పని చూసి వచ్చేవాడు.

ఎండాకాలంలో ఆ దవడే పుండై, దవాఖానలో పోయాడు. కంప్యూటరులో ఆయన సీటు మాత్రం పోలేదు. దాన్ని మూసేయాలంటే ఆ సీట్లో ఉన్న మనిషే అర్జీ పెట్టుకోవాలట! విని నవ్వుకున్నాం. దిక్కులేని తపాలను ఎప్పటిలాగే అక్కడికి తోస్తూనే ఉన్నారు. నేను మాత్రం ఏనాడూ పంపలేదు. తెర మీద ఆ పేరు వస్తే చూడకుండా కిందికి జరిపేసేదాన్ని.

వానలు మొదలయ్యాక నా బిడ్డ శ్రీవాణి తిండి మానేసింది. ఇంకా ఏడాది కూడా నిండలేదు. ముద్ద పెడితే ఉమ్మేస్తుంది, పాలు పట్టినా పెదాలు బిగిస్తుంది. ఏదోలా తినిపించండి, లేకపోతే దవాఖానలో పెట్టాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. మా ఆయన డానియల్‌కు మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పని, వారానికోసారి వస్తాడు. ఇంట్లో అత్తమ్మ ఈదమ్మ ఒక్కతే.

ఆ మధ్యాహ్నం అత్తమ్మ ఫోను చేసింది.

"భాగ్యా, పొద్దటి సంది చుక్క ముట్టలే బిడ్డ. కండ్లు తేలేస్తాంది. నాకు భయమైతాంది, జర జల్ది రా."

వెంటనే అనుమతి కోసం అర్జీ రాశాను. మా ఆఫీసులో అది కూడా తపాలే. ముద్ర కొట్టి, స్కాన్ చేసి పంపాలి. 'నా కూతురు అన్నం తినడం లేదు, ఇంటికి వెళ్లనివ్వండి' అని రాసి, కింద ఇంటి చిరునామా వేశాను. సిబ్బంది సెక్షను 'మాది కాదు' అని తిప్పి పంపింది. లెక్కల సెక్షనూ అంతే. సూపరింటెండెంటేమో 'ఏజెన్సీని అడగండి' అని రాసి వదిలేశాడు. చెప్పకుండా వెళ్లిపోదామంటే, నాలాగే ఏజెన్సీ మీద పనిచేసిన మల్లీశ్వరిని అలాగే ఉద్యోగంలోంచి తీసేశారు. ఇక్కడ బిడ్డ ప్రాణం మీదికి వస్తుంటే వీళ్లకు పరిధులట! ఒళ్లు మండిపోయింది.

అటెండరు లింగస్వామి నా వెనక నిలబడి చూస్తున్నాడు.

"కిష్టయ్య సారు సీటుకు కొట్టుండ్రి మేడం. ఆయనైతే వాపస్ పంపడు" అని నవ్వాడు. "అర్జీ ఒక దిక్కు పోయిందంటే సాలు, ఇగ మీరు నడువుండ్రి. అడిగితే నేను జెప్త."

కోపంలో కొట్టేశాను.

మీట నొక్కానో లేదో, కరెంటు పోయింది. బయట వాన, గదంతా మబ్బు చీకటి. ఇన్వర్టరు మీద నా కంప్యూటరు ఒక్కటే వెలుగుతోంది. లింగస్వామి మీటరు చూసొస్తానని పోయాడు.

అప్పుడొచ్చింది వాసన. ముందు జర్దా. తర్వాత లవంగం. వాటి కింద... పుండు వాసన.

వెనక ఫైళ్ల ఇనుప ర్యాకుల మధ్య చప్పుడు.

చప్...

కాగితం తిప్పిన శబ్దం.

చప్...

"లింగన్నా..." అన్నాను.

లేద్దామని బల్ల మీద చెయ్యి ఆనించాను. వేళ్లకు తడి తగిలింది. ఇంకా ఎవరూ ముట్టని తపాలు కట్ట అది. పై కాగితం మూల తడిగా ఉంది. వెచ్చగా ఉంది. చెయ్యి లాగితే కాగితానికీ వేలికీ మధ్య తీగలా సాగింది... దాని కింది కాగితం కూడా అంతే. ట్రేలో ఉన్న నా అర్జీ అయితే మూల ఒక్కటే కాదు, మొత్తం నాని మెత్తబడి ఉంది. పై నుంచి కింది దాకా ఎవరో నాకినట్టు.

తెర మీద నా అర్జీ పక్కన కొత్త మాట వచ్చింది.

'చర్య తీసుకోబడింది.'

సంచి పట్టుకుని పరిగెత్తాను. మెట్ల దగ్గరే కక్కుకున్నాను. ఆటోలో దారి పొడుగునా చెయ్యి చీర కొంగుకు రుద్దుతూనే ఉన్నాను. ఈ చేత్తో నా బిడ్డను ముట్టుకోను, ఈ రోత దానికి అంటనివ్వను అని అదొక్కటే ధ్యాస. ఇంటి ముందు నల్లా కింద సబ్బుతో మోచేతుల దాకా కడిగాను. చర్మం మండింది. మళ్ళీ కడిగాను.

లోపల ఏడుపు లేదు. చెప్పులతోనే లోపలికి ఉరికాను.

శ్రీవాణి అత్తమ్మ ఒళ్లో కూర్చుని ఆడుకుంటోంది. పొట్ట నిండుగా ఉంది. పక్కన గిన్నె ఖాళీ.

"తిన్నదా?"

"తిన్నది బిడ్డా. అంత తిన్నది."

అక్కడే కూలబడి ఏడ్చేశాను. యేసయ్యకు దండం పెట్టుకున్నాను.

"ఎట్ల తినిపించినవ్ అత్తమ్మా?"

"నేనేడ తినిపించిన? మీ ఆఫీసాయన గద. గిప్పుడే పాయె. నువ్వే తోలినవంట?"

"ఎవలు?"

"పెద్దమనిషి. దవడకు గుడ్డ గట్టుకున్నడు. మంచిగ ఒళ్లె కూసొవెట్టుకున్నడు. బువ్వ మెత్తగ నమిలి నమిలి, బొటనేలుతోని తీసి నోట్లె వెట్టిండు. మొకం గట్ల వెడ్తవేంది? మా కాలంల అందరం నమిలే వెట్టినం."

బిడ్డను లాక్కుని నోరు తెరిచి చూశాను. చిన్న చిగుళ్ల మీద గోధుమరంగు జిగట. కొంగుతో తుడిచాను, వేలు పెట్టి గీకాను. కెవ్వున ఏడ్చింది. నోట్లో నీళ్లు పోసి కడిగాను. పాలు పట్టబోతే పెదాలు బిగించుకుంది. తల్లి చెయ్యి దానికి వద్దు.

ఒక్కసారిగా ఏడుపు ఆపింది.

నా భుజం మీదుగా తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. అత్తమ్మ కూడా చూసింది, ఎవరూ లేరు.

శ్రీవాణి నోరు పెద్దగా తెరిచింది. మూసింది. బుగ్గ ఉబ్బింది. మెల్లగా చప్పరించింది.

గొంతులో ముద్ద దిగడం నేను చూశాను.

మళ్ళీ నోరు తెరిచింది.