అమ్మ వద్దన్న వేడినీటి బుగ్గ

"అన్నిటికీ సరేనన్నావు. ఆ ఒక్కదానికే ఎందుకు వద్దంటున్నావమ్మా? ఎందుకు?"

గువ్వ అరిచిన అరుపుకి బల్ల మీద పరిచిన జపాను పటం అంచు పైకి లేచి పడింది! బరువుకని దాని మీద పెట్టిన టీ గ్లాసులు గణగణలాడాయి. తల్లి మాత్రం తల ఎత్తలేదు. హోటలువాళ్ళ తెల్ల దుప్పటి మీద ఇస్త్రీపెట్టె అటూ ఇటూ నడుస్తూనే ఉంది... ముడత పోయినచోటే మళ్ళీ మళ్ళీ నడుస్తోంది.

వీధిలో చిన్నాపెద్దా అందరూ ఆమెను ఇస్త్రీ పిన్ని అంటారు. హోటళ్ళ దుప్పట్లూ, బల్లగుడ్డలూ ఇంటికి తెచ్చుకుని ఉతికి, గంజి పెట్టి, అద్దంలా ఇస్త్రీ చేసి పంపడం ఆమె పని. భర్త టూరిస్టు బస్సు డ్రైవర్. ఊళ్ళోవాళ్ళందరినీ కొండలకీ సముద్రాలకీ తిప్పిన మనిషే గానీ, సొంత పెళ్ళాంపిల్లల్ని పట్టుమని ఒక్క ఊరికీ తీసుకెళ్ళలేకపోయాడు. సెలవులొస్తే లోకానికి విహారం, ఆ ఇంటికి ఎదురుచూపులు! అందుకే ఒక్కగానొక్క కూతురు గువ్వ, "మనం జపాను వెళ్తున్నాం" అని ప్రకటించిన రోజున ఇల్లంతా ముందు నవ్వింది, తరువాత బిత్తరపోయింది, ఆ పైన పటం కొనుక్కొచ్చి బల్ల మీద పరిచింది.

జపానే ఎందుకంటే దానికో కారణముంది. గువ్వ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. ఆ దుకాణానికి జపాను నుంచి కొత్త యంత్రం వచ్చింది. దాన్ని బిగించి పని నేర్పడానికి ఒక పెద్దావిడ వచ్చింది. భాష సరిగ్గా కలవకపోయినా, మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ తన ఊరి కబుర్లు చేతులు ఊపుతూ చెప్పేది. గువ్వ అవన్నీ మూటగట్టుకుని ఇంటికి తెచ్చేది. అప్పటినుంచి సాయంత్రాలన్నీ ప్రయాణం కబుర్లే. టోక్యోలో ఏ వీధిలో దిగాలి, క్యోటోలో నాచు పరుచుకున్న తోటలు ఏ వేళప్పుడు చూడాలి, నారాలో జింకలు నిజంగానే తల వంచి దణ్ణం పెడతాయా...

"ప్రతి గుమ్మం దగ్గరా బూట్లు విప్పాలట నాన్నా. నీ మేజోళ్ళు చూసుకో ముందు!"

"నా మేజోళ్ళకేమే? గాలాడ్డానికి కిటికీలు పెట్టించా, అంతే!"

"కిటికీలు కాదురా తమ్ముడూ, సింహద్వారాలు! ఇటు పడెయ్, కుట్టి పెడతా" అని ఆయన అక్క దెప్పేది. ఆవిడ పక్కవాటాలో ఉంటూ బట్టలు కుడుతుంది. గువ్వకి టైలరత్త. ఇస్త్రీ పిన్ని వేసుకునే చొక్కాలన్నీ ఆవిడ కుట్టినవే. ఎండలు మండే రోజుల్లో కూడా మెడదాకా గుండీలు, మణికట్టుదాకా చేతులు!

ఇలా నవ్వుతూ తుళ్ళుతూ సాగిన ఆ ప్రయాణపు ఏర్పాట్లు, ఈ ఆదివారం మధ్యాహ్నం కొండల్లోని ఒక చిన్న ఊరి దగ్గర గతుక్కుమని ఆగిపోయాయి. ఆ పెద్దావిడ సొంతూరు అది. అక్కడ వేడినీటి బుగ్గలున్నాయి. చుట్టూ దేవదారు చెట్లు, రాళ్ళ మధ్య ఆవిర్లు కక్కే కొలను. ఆడవాళ్ళకి వేరుగా ఉంటుంది. ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలి, అదే అక్కడి పద్ధతి. దిగేముందు గట్టున చిన్న పీటల మీద ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. కూతురు తల్లి వీపు రుద్దుతుంది, తల్లి కూతురి వీపు రుద్దుతుంది...

"ఆవిడ అది చెప్తుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయమ్మా! జపాను మొత్తంలో నాకు కావలసింది అదొక్కటే. వచ్చే నెల నన్ను వేరే ఊరి షాపుకి వేసేస్తున్నారు. మళ్ళీ ఎప్పుడు కలిసుంటామో..."

"మిగతావన్నీ చూద్దాం. అది వద్దులే తల్లీ."

"సిగ్గయితే దానికీ దారుంది. నలుగురితో కాకుండా మనిద్దరికే విడిగా గది, గదిలోనే కొలను. నేనూ నువ్వూ తప్ప ఈగ కూడా ఉండదు. సరేనా?"

ఇస్త్రీపెట్టె ఆగింది. 

అయ్యో... ఆమె దాచింది నలుగురి కళ్ళనుంచి అయితే ఎంత బాగుండేది! ఆమె దాచింది ఈ రెండు కళ్ళనుంచే కదా!

గువ్వకి మూడేళ్ళప్పటి మాట. అప్పుడు వేరే ఇంట్లో ఉండేవాళ్ళు. పెరట్లో పొయ్యి మీద కాగు నిండా గంజి కుతకుత ఉడుకుతోంది. పక్కనే తడి దుప్పటి ఆరేసి ఉంది. దాని కొస ఒకటి కాగు చెవికి తగులుకుంది. దాగుడుమూతలాడుతూ ఆ పసిది దుప్పటి పట్టుకుని లాగింది. కాగు వంగింది... తల్లి చూసింది. కాగు వైపు పోలేదు, పిల్ల మీదికి దూకింది! బోర్లాపడి, కోడి రెక్కల కింద పిల్లను పొదువుకున్నట్టు పొదువుకుంది. ఉడుకు గంజి అంతా ఆమె వీపు మీద పడింది. నీళ్ళయితే జారిపోయేవి. గంజి కదా... పట్టుకుని వదల్లేదు. పిల్ల మీద ఒక్క చుక్క పడలేదు.

ఆసుపత్రి మంచం మీద స్పృహ వచ్చాక ఆమె అన్న మొదటి మాట, "దానికి చెప్పకండి... నావల్ల అమ్మ కాలిపోయిందన్న మాట అది జన్మంతా మొయ్యకూడదు" అని. మొగుడి చేతా, ఆడపడుచు చేతా ఒట్టు వేయించుకుంది. నెలల తరబడి అమ్మ కనిపించకపోతే పిల్లకి ఏదో ఒకటి చెప్పాలిగా? అమ్మ పనికోసం దూరదేశం వెళ్ళిందన్నారు. ఆ మాటే ముల్లులా దిగింది. ఆసుపత్రినుంచి ఇంటికొచ్చాక, పిల్ల పరుగెత్తుకొచ్చి వెనకనుంచి వాటేసుకోబోతే, ఆ నొప్పికి తాళలేక తల్లి కెవ్వున అరిచి దూరంగా తోసింది. ఆ తోపు గువ్వ ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు!

"మాట్లాడవేం అమ్మా? మనిద్దరమే అన్నా వద్దా?"

"...వద్దు."

గువ్వ పటాన్నీ, తల్లినీ మార్చి మార్చి చూసింది.

"అర్థమైంది. నీ సిగ్గు ఊళ్ళోవాళ్ళతో కాదు. నాతో! చిన్నప్పటినుంచీ అంతే. నా జడ వేస్తావు, నా బట్టలు ఉతుకుతావు, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంటావు. కానీ నేను దగ్గరకొస్తే మాత్రం చల్లగా పక్కకి తప్పుకుంటావు. మూడేళ్ళ పిల్లని వదిలేసి పోయినదానివి... తిరిగొచ్చాకైనా అమ్మవి అవుతావనుకున్నా. కాలేదు!"

"నోర్ముయ్యవే!" మూలన కూర్చుని తమ్ముడి మేజోళ్ళు కుడుతున్న టైలరత్త చేతిలోని మేజోడు నేలకేసి కొట్టింది. "ఏం తెలుసే నీకు? ఆ మహాతల్లి వదిలేసి పోయిందా? మీ అమ్మ..."

"వదినా!" ఇస్త్రీ పిన్ని గొంతు చీరుకుపోయింది. "ఒట్టు... నా మీద ఒట్టు!"

టైలరత్త వంగి నేలమీది మేజోడు తీసుకుంది. బల్ల దగ్గరున్న డ్రైవరు లేచి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

"ఇంకా ఏం దాస్తున్నారు? దాచడానికి ఇంకేం మిగిలింది?" అంది గువ్వ.

ఇస్త్రీ పిన్ని గుండె రాయి చేసుకుంది. "దాపరికమేం లేదు. నువ్వన్నదే నిజం. నాకలాంటివి ఇష్టం ఉండవు. నువ్వూ అత్తా వెళ్ళండి కొలనుకి. లేదంటే... మీరే వెళ్ళండి జపానుకి. నేను ఇంట్లో ఉంటా."

ఆ మాటతో అంతా అయిపోయింది. గువ్వ ఏడవలేదు. నెమ్మదిగా గ్లాసులు తీసి పక్కన పెట్టింది. పటాన్ని మడతలు మడతలుగా మడిచింది. "ఎవ్వరమూ వెళ్ళొద్దు. వచ్చే నెల దాకా ఎందుకు, రేపే వెళ్ళి కొత్త షాపులో చేరతా. ఇక సెలవులకి రమ్మని కూడా పిలవకండి" అని గదిలోకి పోయింది. లోపల పెట్టె కిందికి దించిన చప్పుడు వినిపించింది.

"చాలా?" టైలరత్త మరదలి ముందుకొచ్చి నిలబడింది. "చల్లగా ఉందా కడుపు? దానికి బరువు కాకూడదని నిప్పు నీ కొంగున ముడేసుకున్నావు. బాగుంది. ఆ పిల్ల ఇప్పుడు మోసుకుపోతున్నదేమిటి? అమ్మకి నేనక్కర్లేదన్న మాట మోసుకుపోతోంది. అదేమన్నా దూదిపింజా?"

"అక్క చెప్పింది నిజమేనే" అన్నాడు డ్రైవరు, కిటికీ దగ్గరనుంచి కదలకుండానే. ఎప్పుడూ వేళాకోళమాడే ఆ గొంతు గుర్తుపట్టలేనట్టుంది. "ఒట్టు వేశాను గనక నోరు తెరవను. కానీ నువ్వయినా తెరవవే... దణ్ణం పెడతా."

ఇస్త్రీ పిన్ని దుప్పటి మడిచి పక్కన పెట్టింది. నిజమే... తాను కాపాడుకున్నదేమిటి? పిల్ల ఒంటి మీద చుక్క పడకుండా చూసుకుంది. మనసు మీద మాత్రం ఇన్నేళ్ళూ తన చేత్తోనే పోస్తూ వచ్చింది! ఆలోచించగా ఆలోచించగా ఆమెకొక దారి తోచింది. వీపు చూపిస్తుంది. వదిలేసి పోలేదని చెప్పేస్తుంది. కానీ తప్పు మాత్రం తన మీదే వేసుకుంటుంది. అప్పుడు పిల్లకి అమ్మా దక్కుతుంది, అపరాధమూ అంటదు!

గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. గువ్వ బట్టలు సర్దుకుంటోంది, అటు తిరిగే ఉంది.

"ఒక్కసారి ఇటు చూడవే."

"చూసిందంతా చాలమ్మా."

"ఇది చూళ్ళేదు."

మెడ దగ్గరి గుండీ, దాని కింది గుండీ... ఒక్కొక్కటే విప్పింది. ఇస్త్రీ పిన్ని కూతురికి వీపు పెట్టి నిలబడి చొక్కా జార్చింది. కిటికీలోంచి పడుతున్న పట్టపగటి వెలుతురులో ఆ వీపు... భుజాలనుంచి నడుందాకా ముడుచుకుపోయి, అక్కడక్కడ మెరుస్తూ, కొన్నిచోట్ల తాళ్ళు పేనినట్టు ఉబ్బి... అది మనిషి చర్మంలా లేదు!

గువ్వ చేతిలోని బట్టలు జారిపోయాయి.

"దూరదేశం వెళ్ళింది ఇందుకు. ఆసుపత్రిలో ఉన్నా. నిన్ను తోసేసింది ఇందుకు. పచ్చిపుండు మీద నీ చెయ్యి పడిందమ్మా, అంతే... నువ్వు అక్కర్లేక కాదు. గంజి కాగు దించుతుంటే నా చెయ్యి జారింది. నా అజాగ్రత్తే. ఎవరిదీ తప్పు లేదు..." చిలకలా అప్పజెప్పింది.

 వెనకనుంచి వెక్కిళ్ళు వినిపించాయి. కాసేపటికి అవి కూడా ఆగాయి.

"అమ్మా..."

"ఊఁ."

"చేతిలోంచి జారితే కాళ్ళ మీద పడాలి కదమ్మా... వీపు మీద ఎలా పడింది?"

ఇస్త్రీ పిన్ని ఉలిక్కిపడింది. ఇంత ఆలోచించిన మనిషికి అంత చిన్న సంగతి తట్టనే లేదు!

"కింద పడ్డావా? బోర్లా పడి ఉన్నావా? అమ్మా... నీ కింద ఎవరున్నారు?"

"ఎవరూ లేరు తల్లీ... ఎవ్వరూ..."

"అత్త నోరెందుకు మూయించావు? అప్పుడు నాకు మూడేళ్ళు. ఎక్కడున్నాను నేను? నీ కిందేనా?" గువ్వ గొంతు పసిపిల్ల గొంతులా సన్నబడిపోయింది. "కాగు... నేనేనా అమ్మా?"

ఇస్త్రీ పిన్ని కాదని చెప్పాలనుకుంది. ఎన్నో ఏళ్ళుగా నేర్చుకున్న అబద్ధం... నాలుక మీదికి రాలేదు. తల దించుకుంది. ఆ దించుకోవడమే జవాబైంది.

"అయ్యో! నేనేం మాటలన్నాను నిన్ను... ఎన్నేళ్ళు అన్నాను..."

"పసిదానివే! దాగుడుమూతలాడుకున్నావు. దుప్పటి లాగావు. అంతకుమించి నువ్వు చేసిందేమీ లేదు. ఇదిగో, ఇలా ఏడుస్తావనే చెప్పలేదు. ఏడవకే... నా బంగారం కదూ..." తల్లి ఓదారుస్తూనే ఉంది గానీ, ఆమెకి తెలుసు. ఆ బరువు ఇవాళ్టినుంచి కూతురి మీదికి చేరింది. ఎన్ని మాటలు చెప్పినా ఇక దించలేదు. ఇద్దరూ మొయ్యవలసిందే.

గువ్వ ఏడ్చి ఏడ్చి ఆగింది. తరువాత చాలాసేపు చప్పుడు లేదు. అటు తిరిగి ఉన్న ఇస్త్రీ పిన్నికి భయమేసింది.

"ఏం చేస్తున్నావే?"

"నీ వీపు నిమురుతున్నానమ్మా. ఇందాకట్నుంచీ. నొప్పిగా ఉందా?"

ఇస్త్రీ పిన్ని కళ్ళు మూసుకుంది. ఏమీ తెలియడం లేదు. కాలిన ఆ చర్మానికి వేడీ లేదు, చల్లనా లేదు. ఇన్నేళ్ళకి కూతురి చెయ్యి తన వీపు మీద ఉంది... ఆ చెయ్యి తగిలినట్టు కూడా తెలియడం లేదు! ఆ సంగతి చెప్పకూడదనుకుంది. ఇంకొక్కటి దాచితే ఏం పోయింది అనుకుంది. కానీ ఇక దాచే ఓపిక లేదు.

"అక్కడ నాకేమీ తెలియదమ్మా. చచ్చిపోయిన చర్మం అది."

గువ్వ చెయ్యి ఆగినట్టుంది. మళ్ళీ కదిలినట్టుంది.

"ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడో?"

"ఊహూఁ... పోనీలేవే, వదిలెయ్."

గువ్వ వదల్లేదు. ఒక్కో వేలి వెడల్పే జరుపుకుంటూ, అడుగుతూ, పైకి పైకి వచ్చింది. బయట టైలరత్త, డ్రైవరు తలుపు తట్టకుండా అక్కడే నిలబడ్డ అలికిడి వినిపిస్తోంది. మెడ కింద, మచ్చ ముగిసేచోట, గోరంత జాగాలో వెచ్చగా, కన్నీటి తడితో వేలి కొస తగిలింది. ఇస్త్రీ పిన్ని ఒళ్ళు ఝల్లుమంది!

"ఆఁ... అక్కడ! అక్కడ తెలుస్తోందే..."

గువ్వ తన నుదురు తీసుకొచ్చి సరిగ్గా అక్కడే ఆనించింది.