మాలతి దాచుకున్న పుస్తకం

మాలతి కుర్చీలోనే చనిపోయి ఉంది. మెడ మీద వేళ్ల గుర్తులు. బల్ల మీద ఒక ఫ్రెంచి నవల, పక్కనే సన్నని కత్తి. కత్తికి రక్తం లేదు.

గద్వాలలో నేతగాళ్ల ఇంట్లో పుట్టి, ఫ్రెంచి సాహిత్యంలో డాక్టరేట్ చేసి, హైదరాబాదులో యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. తిరిగొచ్చి తమ్ముడి కూతురు శ్రీజ దగ్గర ఉంటోంది.

ఎస్సై అర్చన శ్రీజను మగ్గం దగ్గర కూర్చోబెట్టింది. పుస్తకాల వల్ల రెండో మగ్గానికి చోటు లేదని మొన్ననే అత్తతో పోట్లాడిందట. వీధంతా విన్నది. కానిస్టేబుల్ భీమన్న అప్పుడే కేసు తేల్చేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

"నేను సంపలే మేడమ్. మగ్గం సప్పుడుల ఏం ఇనబడలే. అనువాదం రాసుకుంటున్నదని రాత్రి గూడ ఆ రూములకు పోలే," శ్రీజ ఏడ్చింది.

నిన్న ఆ ఇంటికొచ్చింది ఒక్కడే. జితేందర్. ఒకప్పుడు మాలతి శిష్యుడు, ఇప్పుడు వనపర్తిలో ఫ్రెంచి లెక్చరర్. పిలవగానే కారులో వచ్చాడు.

"నిన్న ఎన్నింటికి వెళ్లిపోయారు?"

"సాయంత్రం ఐదింటికి. అప్పుడు మంచిగనే ఉండె."

"ఏం పని మీద వచ్చారు?"

"ఊకెనే. చూసిపోదామని."

"ఆవిడ ఏదో అనువాదం చేస్తున్నారట?"

"గదెప్పుడో ఇడిసిపెట్టిన్రు. ఈ నెలంతా గీ నవలనే చదువుతున్నరు. నిన్న సగం కథ నాకు చెప్పిన్రు గూడ."

అర్చన నవల తీసుకుంది. తెరవబోతే సరిగా తెరుచుకోలేదు. పేజీలు అంచుల దగ్గర కలిసే ఉన్నాయి. మడత కోసిన జాడ ఒక్కచోటా లేదు.

శ్రీజను పిలిచి చూపించింది.

"పాత ఫ్రెంచి పుస్తకాలు గట్లనే వస్తయట మేడమ్. కత్తితోని మడతలు కోసుకుంట చదవాలె. 'గిదొక్కటి నా కోసమే దాచుకున్న, చేస్తున్న ఇంకో నవల అనువాదం అయిపోయిన రోజు కోస్త' అంటుండె అత్త. ఏండ్ల సంది రాస్తుండె."

అర్చన జితేందర్ వైపు తిరిగింది.

"కొయ్యని పుస్తకంలో సగం కథ ఆవిడ ఎలా చదివారు సార్?"

అతని మొహం పాలిపోయింది.

"ఫ్రెంచి పాఠాలు చెప్పేవాడివి, పుస్తకం అంచు చూడలేదా? బల్ల మీద కనబడిన నవలను చూపి తప్పించుకుందామనుకున్నావు. అనువాదమే లేదంటే, రేపు నీ పేరుతో అచ్చేసుకోవచ్చు. భీమన్నా, కారు వెతుకు."

డిక్కీలో దొరికాయి. మాలతి చేతిరాతలో వందల కాగితాలు. చివరిదాని మీద నిన్నటి తేదీ.

"నా పేరు గూడ పెట్టమన్న. ఒప్పుకోలే," గొణిగాడు జితేందర్. అర్చనకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. బేడీలు వేయించింది.

శ్రీజ బల్ల మీది కత్తినే చూస్తోంది.

"నిన్న పనైపోయింది మేడమ్. అందుకే కత్తి తీసి పెట్టుకున్నది. ఒక్క పేజీ గూడ కొయ్యకపాయె మా అత్త. నేను కోసి, ఆమె పక్కన పెడత. ఇయ్యుండ్రి."

అర్చన పుస్తకాన్ని చేతిలోనే ఉంచుకుంది.

"వద్దమ్మా. ఆ మడతలే సాక్ష్యం. కోస్తే వాడు తప్పించుకుంటాడు."

భీమన్న పుస్తకాన్ని అలాగే కవర్లో పెట్టి సీలు వేశాడు.